మేయరుగారి బోణీ బేరం

జరిగినది ఒక్క గుక్కలో చెప్పుకుని ముందుకు పోదాం. బరంపురం పెద్దబజారులో ఉప్పుకొట్టు ధర్మలింగం మేయరయ్యాడు. "ఉప్పమ్మేవోడికి ఊరేలడం ఏటి తెలుసు?" అని ఎద్దేవా చేసినవాళ్లే, గెలిచిన సాయంత్రం దండలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మర్నాడు పొద్దున ఆయన ఇంకా కాఫీ తాగకముందే పల్లంసాహి పేటలో ఎండుచేపలు అమ్ముకునే అమ్మడు గుమ్మంలోకి వచ్చి, "బాబూ, ఇయ్యాల నాకు ఉప్పొద్దు, మా ఇంట్లో నీరు తియ్యి" అంది. చినుకు పడితే చాలు, బజారు కాలవ ఎదురుతన్ని ఆ సాహి ఇళ్లలో దూరుతుంది. ధర్మలింగం రెండో ఆలోచన చెయ్యలేదు. "నువ్వు నా బోణీవి అమ్మడూ. బోణీ బేరాన్ని వట్టి చేతుల్తో పంపకూడదు. తీయిస్తాను, ఎల్లు" అన్నాడు. తీరా ఇంజినీరు చూసి వచ్చి చెప్పిన మాటేమిటంటే, కాలవ పూడుకుపోయింది బజారు కొట్ల అరుగుల కిందనే. అన్నిటికంటే ముందుకు పొడుచుకొచ్చిన అరుగు సాక్షాత్తూ మేయరుగారిది.

కూల్చే రోజు ఇవాళ.

సత్యవతి మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది. ఆవిడ ధర్మలింగం భార్య. కింద కొట్టు, పైన కాపురం. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొట్టు తెరిచి ఉన్నంతసేపూ ఇంటి కోడళ్లు వీధి అరుగు మీద కాలు పెట్టరు. గుడికి వెళ్లినా పేరంటానికి వెళ్లినా పెరటి గుమ్మమే గతి. అత్తగారు పెట్టిన నియమం అది. అత్తగారు పోయినా నియమం పోలేదు. అందుకని సత్యవతికి పెద్దబజారంతా పైనుంచే పరిచయం. మనుషుల మొహాల కంటే వాళ్ల బట్టతలలే బాగా గుర్తు.

పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ ధర్మలింగం అడిగాడు.

"మీ నాన్నగారు ఎప్పుడొస్తన్నారు?"

"చల్లపూటే బయల్దేరతానన్నారు. ఏటండీ?"

"మజ్జాన్నం రమ్మని సెప్పు."

"ఎండలోనా? పెద్దాయన్ని ఎండలో రమ్మంటారేటండీ?"

"పొద్దున ఇక్కడ దుమ్ము రేగుతాది సత్యా. సన్మానానికి వొచ్చిన మనిషికి దుమ్మెందుకు?" అన్నాడు, గ్లాసులోకి చూస్తూ.

ఆవిడ తండ్రి వైకుంఠరావుది హుమ్మ అనే ఊరు. ఉప్పు మడుల్లోనే పుట్టి పెరిగి, వాటి మీదే పెద్దవాడైన మనిషి. అల్లుడు మేయరయ్యాడని హుమ్మ ఉప్పు రైతులంతా కలిసి శాలువా కొన్నారు. అది కప్పే భాగ్యం మామగారిది. సత్యవతి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బయల్దేరిపోయాడన్నమాట. సరేలే, దుమ్ముకు జడిసే మనిషా మా నాన్న అనుకుని, పూర్ణాలకు పప్పు నానబోసి పిట్టగోడ దగ్గరికి వచ్చింది.

కింద కూలీలు గునపాలతో సిద్ధంగా ఉన్నారు. కొట్లన్నీ తెరిచారు గాని ఒక్కరూ బేరం చెయ్యడం లేదు. మేయరు అరుగు పగిలితే రేపు తమవీ పగలాలి. పగలకపోతే అందరివీ పదిలం. అందుకని బజారంతా ఊపిరి బిగబట్టి ఆ ఒక్క అరుగు మీదే కళ్లు పెట్టింది. అవతల పల్లంసాహి మొగలో అమ్మడూ, ఆవిడ వెనక సాహి జనమూ నిలబడ్డారు. నిన్నటి వానకి ఆడవాళ్ల చీరల అంచులు ఇంకా తడిగానే ఉన్నాయి.

ఆ అరుగేమీ ఆషామాషీ అరుగు కాదు. ధర్మలింగం తండ్రి కూర్మయ్య ఆంధ్రా సరిహద్దు అవతల నుంచి గంపతో ఉప్పు తెచ్చి, ఈ వీధిలో గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. పట్టా ఉన్నచోట అరుగు లేచింది, అరుగు వెనక కొట్టు లేచింది, కొట్టు మీద మేడ లేచింది. 'కూర్మయ్య తూకం' అంటే బరంపురంలో ఒట్టు పెట్టుకున్నంత. ధర్మలింగం ఆ కొట్టుని టోకు వ్యాపారం చేశాడు, అప్పడాల మిల్లు పెట్టాడు, వర్తక సంఘానికి పెద్దయ్యాడు. పైలిన్ తుపానుకి గొడౌను తలుపులు బార్లా తీసి, ఎవరికి ఏం కావాలంటే అది పట్టుకెళ్లమన్నాడు. ఊరు ఆయన మొహం గుర్తుపట్టింది అప్పుడే. అయినా ఎన్నికల గోడల మీద రాయించుకున్నది తన గొప్పలు కాదు. 'కూర్మయ్య కొడుకు, తూకం తప్పడు.' తెలుగులోనూ ఒడియాలోనూ అదే మాట. ఆ మాట మీదే గెలిచాడు.

ఆ అరుగులో తన పుట్టింటి చెయ్యి కూడా ఉందని సత్యవతికి లోలోపల చిన్న గర్వం. ఆవిడ కొత్తకోడలుగా, నిండు చూలాలుగా ఉన్న వానకాలం అత్తమామలూ బావగారూ కాశీయాత్రకు వెళ్లారు. ధర్మలింగం సరుకు ఎక్కించడానికి హుమ్మలో ఉన్నాడు. తోడు కోసం వచ్చిన తండ్రి ఊరికే కూర్చోలేక, కదిలిన నాలుగు బండలు సరిచేయించాడు. కాశీ నుంచి తిరిగొచ్చిన కూర్మయ్య అరుగు చూసి, "మా వియ్యంకుడి సెయ్యి పడితే రాయి కూడా మాట ఇంటాది" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుని సత్యవతి ఇన్నేళ్లూ దాచుకుంది.

ఇప్పుడు ఆ అరుగు మీద, కూర్మయ్య కూర్చున్న పీట మీదే, ధర్మలింగం అన్న కాశయ్య బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. చేతులు కట్టుకున్నాడు.

"నన్ను తవ్వి, ఆనక అరుగు తవ్వుకోమను" అన్నాడు, తమ్ముడి వైపు చూడకుండా.

"అన్నా, లెగు" అన్నాడు ధర్మలింగం.

"ఎందుకు లెగాల? ఓట్లేసినోళ్లు ఈళ్లు. ఈళ్ల అరుగులు పీకుతావా? ఏరు దాటీసినాక తెప్ప తగలెట్టినట్టు లేదేటి?"

"తగలెట్టడం లేదన్నా. తెప్పకి చిల్లున్నాది, పూడుస్తన్నాను."

"అయితే ఆ సివర్నించి కొట్టుకు రా. మనది ఆఖర్ని సూసుకుందాం."

"బోణీ మన కొట్లోంచే అవ్వాల. లేపోతే రేపు ధనరాజు అరుగు ముట్టుకుంటే ఆయనేటంటాడు? శ్రీరంగనీతులు నాకా సెప్తావు, నీదాకా వొస్తే ఏటి సేసినావ్ అంటాడు."

ఎదుటి బెల్లంకొట్టు ధనరాజు బుగ్గన కిళ్లీ సర్దుకుని, "అంటాను మరి! అననేటి?" అన్నాడు. నలుగురూ నవ్వారు. కాశయ్య నవ్వలేదు.

ఇంజినీరు ఒడియా కుర్రాడు, కొత్తగా వచ్చినవాడు. అన్నదమ్ముల మధ్య నలుగుతూ, "ఆజ్ఞా, ఆఉ దినే కరిబా?" అన్నాడు మెల్లిగా. అయ్యా, ఇంకో రోజు పెట్టుకుందామా అని అతని ఉద్దేశం. ఇంకో రోజంటే ఏమిటో పల్లంసాహికి బాగా తెలుసు. అమ్మడు తన గంప చంకనుంచి తలకెత్తుకుంది, వెళ్లిపోవడానికి సిద్ధంగా.

సత్యవతి పిట్టగోడ మీదికి వంగింది. బోణీ బేరం వెనక్కి పోతోంది. ఇప్పుడు గనక అది వెనక్కి పోతే ఈయన రేపట్నుంచి ఏ వీధికి వెళ్లి ఏ మాట ఇచ్చినా ఉప్పులేని కూడే.

ధర్మలింగం చెప్పులు విప్పాడు. అరుగెక్కి అన్న పక్కన, పీట లేకుండా, వట్టి బండ మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించే మాట్లాడాడు గాని వీధి అంత నిశ్శబ్దంగా ఉండటాన మేడ మీదికి కూడా వినిపించింది.

"అన్నా, మన సిన్నతనంలో పెద్ద తుపానొచ్చినాది. మర్నాడు పొద్దున్న మన బోణీ ఎవరో గురుతున్నాడా?"

కాశయ్య కట్టుకున్న చేతులు ఇంకా బిగించాడు.

"ఎవడో మార్కండి నుంచి వొచ్చినాడు. ఉప్పు గావాలి అనలేదు. పెళ్లాం పురిటినొప్పులు పడతన్నాది, ఆస్పత్రికి మోసుకెళ్లడానికి నీ కొట్టు తలుపు సెక్క ఇయ్యి అన్నాడు. నాన్న ఏటి సేసినాడు?"

"ఇచ్చినాడు" అన్నాడు కాశయ్య.

"ఎవరు ఏటని అడగనేదు. బోణీ ఏటడిగితే అదిచ్చినాడు. తలుపు లేని కొట్టుకి ఆ రేయి నువ్వూ నానూ అడ్డంగా పడుకున్నాం, ఇదే అరుగు మీద."

"ఆ సెక్క మళ్లీ వొచ్చినాదిరా ధర్మం" అన్నాడు కాశయ్య. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ అరుగు మళ్లీ రాదు."

"రాదు. అందుకే అడుగుతన్నాను. మేయరైతే ఆర్డరేస్తాడు. నాను నీ తమ్ముణ్ని, అడుగుతన్నాను."

కాశయ్య చాలాసేపు బండ మీది నున్నదనాన్ని అరచేత్తో తడుముతూ ఉండిపోయాడు. తరవాత లేచాడు. కూర్మయ్య పీట చంకన పెట్టుకున్నాడు. అరుగు మీద వేలాడుతున్న త్రాసు దించి, పళ్లేలు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టి, ఎవరివైపూ చూడకుండా కొట్లోకి వెళ్లిపోయాడు.

ఇల్లాలికి మొగుడి మీద గర్వం ఉండటం వింతేమీ కాదు, కొంతమందికి అకారణంగానే ఉంటుంది. కాని సత్యవతి గర్వపడింది ఇద్దరి మీదా. అడిగిన తమ్ముడి మీదా, లేచిన అన్న మీదా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవడమంటే ఇంట్లోవాళ్లని ఓడించడం కాదని ఆవిడకి ఆ క్షణాన అర్థమైంది.

మొదటి పోటు ధర్మలింగమే వేశాడు. మూటలు మోసిన చేతులు, ఇంకా మరిచిపోలేదు. తరవాత కూలీలు అందుకున్నారు. నల్లబండలు ఒక్కొక్కటే లేచాయి. కాలవలోకి తొంగిచూసిన ఇంజినీరు అమాంతం వెనక్కి తిరిగాడు.

"పాచేరి, ఆజ్ఞా! ఎఠి పాచేరి అచ్ఛి!"

గోడ. అరుగు కింద, కాలవకి అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఇటుక గోడ. చెత్తకి పూడుకుపోయింది కాదు, పనిగట్టుకుని కట్టింది. పైనుంచి వచ్చిన నీరు ఆ గోడకి కొట్టుకుని, కొట్టు వెనక ఉప్పు గొడౌను వైపు పోకుండా, పక్క తూము గుండా తిన్నగా పల్లంసాహిలోకి మళ్లిపోతోంది.

మొదట తేరుకున్నది అమ్మడే.

"మా ఇంట్లో నీరు దేవుడు పోసినాడనుకున్నాం బాబూ ఇన్నాళ్లూ" అంది.

గుంపు వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "కూర్మయ్య తూకం బాగానే ఉన్నాదిరోయ్! ఉప్పు ఈపక్క, నీరు ఆపక్క!"

నవ్వు పుట్టింది. అది మంచి నవ్వు కాదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట సాయంత్రానికి బరంపురమంతా తిరుగుతుందని సత్యవతికి తెలుసు. పోయిన మామగారి మంచితనం మీద గెలిచిన ఎన్నిక. ఇప్పుడు ఆ మంచితనం ఆ కాలవలో, బురదలో, అందరి కళ్లముందూ పడి ఉంది.

ధర్మలింగం ఒక్కసారి తలెత్తి మేడ మీదికి చూశాడు. ధైర్యం కోసం చూశాడనుకుంది ఆవిడ. తల ఊపింది, నేనున్నాను అన్నట్టు. ఆయన వెంటనే కళ్లు దించుకుని అమ్మడి వైపు తిరిగాడు.

"కూర్మయ్య అరుగు కింద గోడ కూర్మయ్యదే. మా నాన్నే కట్టించుంటాడు, ఉప్పు తడిసిపోకూడదని. మా ఉప్పు పొడిగా ఉండటానికి మీ పిల్లలు నీళ్లల్లో పడుకున్నారు. ఆయన లేడు, నానున్నాను. ఏటనుకుంటారో నన్ను అనుకోండి."

అని, బజారంతా చూస్తుండగా, ఎండుచేపల అమ్మడికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తెల్ల లుంగీ ఎగ్గట్టి కాలవలోకి దిగాడు. ఇంజినీరు "ఆజ్ఞా, ఆజ్ఞా" అంటూనే ఉన్నాడు, ఆయన గునపం ఎత్తాడు. వెనకనుంచి నవ్వినవాడు ఎక్కడికి పోయాడో మరి కనిపించలేదు.

సత్యవతి ఛాతీ పొంగింది. ఊళ్లో ఎంతమంది మేయర్లుంటారు, తండ్రి తప్పుకి నడివీధిలో దండం పెట్టేవాళ్లు? చూడండి, బాగా చూడండి, ఈయన నా మొగుడు అని పిట్టగోడ మీంచి అరవాలనిపించింది.

నాలుగు పోట్లకి ఇటుకలు ఊడాయి. ఊడిన చోట నుంచి బయటపడింది సిమెంటు కాదు, ఇసుకా కాదు. నల్లటి బంకమట్టి. గడ్డి కలిపి తొక్కిన మట్టి. అందులో నిలువునా, పక్కపక్కనే పాతిన తాటిమట్టలు. ధర్మలింగం ఒక మట్ట పట్టుకుని గుంజాడు. గట్టు కదిలింది. ఇంకొకటి గుంజాడు. ఆగి ఆగి ఉన్న నీరు ఒక్కసారి హోరుమని తన పాత దారి వెతుక్కుంటూ ఉరికింది. పల్లంసాహి మొగలో జనం కేకలు పెట్టారు. అమ్మడు గంప కింద పడేసి చప్పట్లు కొట్టింది. వాళ్ల గుమ్మాల్లో నిలిచిన నీరు, చూస్తుండగానే తగ్గుతోంది.

సత్యవతికి ఆ కేకలు వినిపించలేదు. ఆవిడ ఆ తాటిమట్టల్నే చూస్తోంది.

బరంపురంలో ఏ మేస్త్రీ తాటిమట్టలు పాతి గోడ కట్టడు. ఉప్పు మడుల్లో గట్లు అలా కడతారు. పరికిణీ కట్టుకునే వయసులో ఆ మట్టలు తండ్రి చేతికి అందించింది తనే. "సిమెంటుని ఉప్పు తినీస్తాదమ్మా. బంకమట్టిని, తాటిమట్టని ఏటీ సెయ్యలేదు" అని ఆయన చెప్పడం నిన్న విన్నట్టే ఉంది. ఆ వానకాలం తోడుకోసం వచ్చినప్పుడు హుమ్మ నుంచి బండి మీద నల్లమట్టి దింపించాడు. నాలుగు బండలు సరిచెయ్యడానికి బండెడు మట్టి ఎందుకని తను అడగలేదు. "నా బిడ్డ కాపరం సేసే ఇంట్లోకి నీరు రాకూడదు" అన్నాడు. పురుడు దగ్గర పడిన పిల్ల, తండ్రి ప్రేమకి మురిసిపోయింది. ఆ నీరు ఎవరింట్లోకి పోతుందని కూడా అడగలేదు.

ఇన్నాళ్లూ ఆవిడ దాచుకున్న మెప్పు చల్లగా కాళ్లలోకి జారింది.

కింద కొట్లో బల్ల ఈడ్చిన చప్పుడైంది. కాశయ్య బల్ల ఎక్కి, గోడ మీద దండ వేసి ఉన్న కూర్మయ్య పటం దించుతున్నాడు. "ఈ పటం కింద కూకుని తూకం ఎలగెయ్యను? ఎలగెయ్యనురా తమ్ముడూ?" అని ఏడుస్తున్నాడు. పెద్దమనిషి అలా ఏడవడం బజారు ఎప్పుడూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే వీధి మొగలో కారు ఆగింది. వైకుంఠరావు దిగాడు. ఇస్త్రీ పంచె, భుజాన మడతపెట్టిన శాలువా, చేతిలో మల్లెదండ. "అల్లుడేడీ? మా మేయరేడీ?" అని నవ్వుతూ జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు.

చనిపోయిన వాళ్లు నోరు విప్పి చెప్పుకోలేరు. బతికున్నవాళ్లు విప్పకపోతే ఎవరికీ తెలియదు. నాన్న దండ వేస్తాడు, ఆయన వేయించుకుంటాడు, పటం అటకెక్కుతుంది. తను మూడు పూటలా ఆ కొట్టు మీదే కాపురం చేస్తూ, ఆ మాట మింగి బతకాలి.

సత్యవతి మెట్లు దిగింది. పెరటి వైపు తిరగలేదు. తిన్నగా కొట్లోకి వచ్చింది. బావగారి చేతుల్లోంచి పటం తీసుకుని గుండెకి ఆనించుకుంది. వీధి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. కోడళ్లు అరుగు మీద కాలు పెట్టకూడదన్నారు అత్తగారు. ఇప్పుడు అరుగే లేదు. పగిలిన బండల మీద నుంచి కాలవ ఒడ్డుకి, అంతమంది మగవాళ్ల మధ్యకి దిగింది.

"సత్యా, లోపలికెల్లు" అన్నాడు ధర్మలింగం కాలవలోంచి. ఆ గొంతులో కోపం లేదు, కంగారు ఉంది.

"ఎల్లనండీ" అంది ఆవిడ. అమ్మడి వైపు తిరిగింది. "అమ్మడూ, ఈ గోడ మా మావయ్యగారు కట్టనేదు. ఆయన కాశీ ఎల్లినప్పుడు, ఆయనకి తెలీకుండా కట్టినారు. నా కోసం కట్టినారు. కట్టినాయన అడిగో, దండ ఒట్టుకుని నిలబడ్డాడు. మా నాన్న."

బజారంతా వెనక్కి తిరిగింది. వైకుంఠరావు నడక ఆగింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. కూలిన గోడ వంక చూశాడు. నీళ్లలో తేలుతున్న తాటిమట్టల వంక చూశాడు. చివరికి కూతురి వంక చూశాడు.

"అవునమ్మా, నానే కట్టినాను" అన్నాడు. గొంతు వణకలేదు. "నా బిడ్డ కోసం కట్టినాను. ఆ మాట సెప్పడానికి నువ్వు వీదిలోకి దిగినావు సూడు, అందుకు నాకు గర్వంగానే ఉన్నాది."

మల్లెదండని చేతికి చుట్టుకుని, కాలవలో ఉన్న అల్లుడి వైపు గడ్డం ఎగరేశాడు.

"కాని తల్లీ, నీ మొగుడికి తెలీదనుకున్నావేటి? ఆ బండెడు నల్లమట్టి హుమ్మలో తవ్వి, ఎక్కించి పంపినోడు ఎవడో అడుగు."

సత్యవతి చప్పున తిరిగి చూసింది. నీళ్లు గలగలా పారుతున్నాయి. మోకాళ్ల దాకా బురదలో నిలబడిన మేయరుగారు, చేతిలోని తాటిమట్టని చూస్తూ ఉండిపోయారు. తల ఎత్తలేదు.